కాంపౌండు గోడ పక్కన ‘బయటి పిల్లలు’



గత నెలలో ఒక పట్టణ సంఘ కార్యదర్శి గారు ఫోను చేశారు. పాత పరిచయం. వందనాలు, ఆరోగ్యాలు అయ్యాక అసలు విషయానికి వచ్చారు. “అయ్యగారూ, మన గుడి కాంపౌండులో షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని కమిటీ అనుకుంటోంది. శంకుస్థాపన ఫోటో పంపిస్తాను, పత్రికలో వేయాలి మీరు.” తప్పకుండా వేస్తాను, ఆ స్థలంలో ఇప్పుడేముంది అని అడిగాను. “ఏమీ లేదండి, ఖాళీయే. సాయంత్రాలు బయటి పిల్లలు ఆడుకుంటుంటారు, అంతే.”

ఫోను పెట్టేశాక కూడా ఆ ‘బయటి పిల్లలు’ అన్న మాట నన్ను వదల్లేదు. ఆ పిల్లలు గుడి గోడకు ఆనుకుని ఉన్న ఇరుకు గదుల్లో ఉంటారు. కార్యదర్శి గారు పదిహేను కిలోమీటర్ల దూరం నుండి కారులో వస్తారు. ఇద్దరిలో బయటివారు ఎవరు?

ఆ గుడి నాకు బాగా తెలుసు. సికింద్రాబాదు వైపు, రైల్వే క్వార్టర్లకు దగ్గర్లో ఉంటుంది. ఒకప్పుడు మొదటి గంట కొడితే ఇళ్లలోంచి బయల్దేరేవారు, రెండో గంటకు బెంచీల్లో ఉండేవారు. ఇప్పుడూ గంట కొడుతున్నారు, కాని అది వినబడే దూరంలో సంఘ సభ్యుల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని లేవు. పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి, ఫ్లాట్లు కొనుక్కున్నారు, కూకట్‌పల్లికి, మియాపూర్‌కి, ఉప్పల్‌కి వెళ్లిపోయారు. దేవుడు దీవించాడు, సంతోషమే. ఆదివారం ఎనిమిదిన్నరకు కార్లతో కాంపౌండు నిండుతుంది. పన్నెండు కొట్టేసరికి గేటుకు తాళం పడుతుంది. మిగిలిన ఆరు రోజులూ ఆ వీధికి గుడి ఒక గోడ మాత్రమే. ఆ వీధిలో ఇప్పుడు బీహారు, ఒడిశా నుండి వచ్చిన కూలీలున్నారు, నేపాలీ వాచ్‌మన్ కుటుంబాలున్నాయి, శ్రీకాకుళం నుండీ ఖమ్మం నుండీ కోచింగుకని వచ్చి హాస్టళ్లలో ఉంటున్న ఆడపిల్లలున్నారు. వీళ్లలో ఒక్కరికైనా ఆ గుడి పాస్టరు గారి పేరు తెలుసా అంటే నాకు అనుమానమే.

‘మారుతున్న సమాజంలో సంఘము’ అన్న అంశం మీద పాస్టర్ల సదస్సులు ప్రతి సంవత్సరం జరుగుతూనే ఉన్నాయి. చివరి రోజు తీర్మానాలూ దాదాపు ఒకేలా ఉంటాయి: యౌవనస్థులను ఆకర్షించాలి, సంగీతం మార్చాలి, సాంకేతికతను వాడుకోవాలి. నా చేత్తోనే రెండు మూడుసార్లు ఆ తీర్మానాలు రాశాను కాబట్టి ఎవరినో ఆక్షేపించడం లేదు. కోవిడ్ తర్వాత ప్రతి సంఘానికీ ఒక యూట్యూబ్ ఛానెల్ వచ్చింది. వేదిక వెనక ఎల్‌ఈడీ తెర వచ్చింది. తబలా మూలకు పోయి డ్రమ్స్ వచ్చాయి. మంచిదే, వృద్ధాప్యం వల్ల గుడికి రాలేని తల్లులు మంచం మీద నుండే ఆరాధన చూడగలుగుతున్నారు. కాని ఈ మార్పులన్నీ గోడ లోపలివారి కోసమే జరిగాయి. గోడ అవతలి వారికి తబలా అయినా డ్రమ్స్ అయినా ఒకటే నిద్రాభంగం. తెల్లవారుజామున మైకు పెట్టి, పైగా దాన్ని సాక్ష్యం అనుకునే సంఘాలు మనలో ఇంకా ఉన్నాయి. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకరు పెట్టకూడదని 2000 సంవత్సరం నుండీ నిబంధన ఉంది. చట్టం సంగతి అటుంచి, నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్న పొరుగువాణ్ణి లేపడం ప్రేమ కాదని చెప్పడానికి వేదాంత పట్టా అవసరం లేదు.

సంఘం ‘నేటి కాలానికి తగినట్టు’ ఉండాలి అనే మాట నాకంత నచ్చదు. ఆ మాటలో బట్టల దుకాణం వాసన ఉంది. మన బైబిలు తెలుగులో ‘అక్కర’ అని చక్కని మాట ఉంది. ఈ వీధికి ఈ సంఘం ఏ అక్కరలో కనబడుతోంది? రేపు గుడి మూతపడితే సభ్యులు కాక ఇంకెవరైనా బాధపడతారా? ప్రశ్న ఇలా అడిగితే కీబోర్డు కొనడంతో జవాబు దొరకదు.

మనం ఎక్కడి నుండి వచ్చామో ఒకసారి గుర్తు చేసుకోవాలి. సికింద్రాబాదు 1806లో పుట్టిన కంటోన్మెంటు ఊరు. 1874లో రైలు వచ్చింది. ఆ తర్వాత లాలాగూడలో వర్క్‌షాపు వచ్చింది. దండుకు వంటవాళ్లు, గుర్రాల కాపరులు, ఆయాలు కావాలి, రైల్వేకు ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు కావాలి. మెదక్, నల్గొండ పల్లెల నుండి, మద్రాసు రాష్ట్రం నుండి మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని మన తాతలు వచ్చారు. సొంత ఊళ్లో బావిలో నీళ్లు తోడుకోనివ్వని మనుషులు వాళ్లు. ఊరిలో అంటరానివారు, పట్నంలో పరాయివారు. వాళ్లకు బెంచీ మీద పక్కన చోటిచ్చి, పిల్లలకు అక్షరాలు నేర్పి, జబ్బు చేస్తే మందిచ్చింది గుడే. పాత బాప్తిస్మపు రిజిస్టర్లలో తండ్రి వృత్తి, నివాసము అనే గడులు చూడండి. కూలి, బట్లరు, ఖలాసీ అని ఉంటుంది. నివాసం దగ్గర ఏ లైనులోనో అద్దె గది. ఈనాడు కమిటీలో కూర్చున్న మనమంతా ఆనాటి ‘బయటి పిల్లల’ మనుమలమే.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ సంపాదకీయం పరుల మీద వేలు చూపించినట్టవుతుంది.

సుమారు పదిహేనేళ్ల క్రితం నేను పట్టణం చివర ఉన్న ఒక సంఘానికి కాపరిని. చుట్టూ ఇటుక బట్టీలు. బట్టీల్లో పనివాళ్లు చాలామంది ఒడిశా వాళ్లు. వానలు వెళ్లాక మధ్యవర్తి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని కుటుంబంతో వస్తారు, ఎండాకాలం చివరి వరకు ఆ అప్పు తీరేలా ఇటుకలు కోస్తారు. ఎక్కువమంది బలంగీర్, నువాపడా వైపు వాళ్లయినా, ఆ ఏడాది కంధమాల్ నుండి వచ్చిన క్రైస్తవులు కూడా కొందరున్నారు. 2008లో అక్కడ జరిగిన హింస మీకు గుర్తుండే ఉంటుంది. గుళ్లు, ఇళ్లు కాలిపోయి వేలమంది శిబిరాల పాలయ్యారు.

ఒక ఆదివారం భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మా ఆరాధనకు వచ్చారు. నేను వేదిక మీద నుండి “ఒడిశా నుండి వచ్చిన మన సహోదరులు” అని పరిచయం చేశాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. వాళ్లు చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా, చివరి వరుసలో కూర్చున్నారు. నేను నలభై అయిదు నిమిషాలు తెలుగులో ప్రసంగించాను. రెండో ఆదివారం వచ్చారు. మూడో ఆదివారం కూడా వచ్చారు. ఎవరూ పక్కన కూర్చోలేదు. నాలుగో ఆదివారం రాలేదు. వెళ్లి చూడాలనుకుంటూనే కోతపండుగ ఏర్పాట్లలో పడిపోయాను. తీరా వెళ్లేసరికి బట్టీ పని అయిపోయింది. మిగిలి ఉన్న ఒక కూలీ వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఆ కుటుంబంలో చిన్నబిడ్డకు జ్వరం వచ్చిందట. ఆసుపత్రిలో మాట్లాడిపెట్టే మనిషి కోసం బిడ్డను భుజాన వేసుకుని ఒక శుక్రవారం గుడికి వచ్చారట. గేటుకు తాళం ఉందట.

ఆ తాళం చెవి నా బల్ల సొరుగులో ఉండేది.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం మీద అంతకుముందు నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. యెరూషలేము సంఘం పెరిగింది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. ఎవరూ కావాలని చేసి ఉండరు. వడ్డించేవారికి ఆ భాష రాదు, ఆ ముఖాలు పరిచయం లేదు, అంతే. అపొస్తలులు ఆ సణుగును తిరుగుబాటు అనలేదు. బాధ్యతను ఏడుగురికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లు నిదానంగా చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. చివరివాడు అంతియొకయ నుండి వచ్చి యూదుల మతంలో చేరినవాడు. అంటే ఫిర్యాదు చేసిన పక్షం వారి చేతికే గరిటె ఇచ్చినట్టు కనబడుతోంది. ఇక్కడ మన కమిటీలు ఆగి ఆలోచించాలి. మనం దయతో ఏదైనా ఇవ్వడానికి వెనకాడం, దుప్పట్లు పంచుతాం, క్రిస్మస్ కేకు పంచుతాం. గరిటె మాత్రం ఇవ్వం. పదేళ్లుగా మన మధ్య ఆరాధిస్తున్న హిందీ మాట్లాడే కుటుంబంలో ఒకరైనా మన కమిటీలో ఉన్నారా?

పల్లె సంఘాల పరిస్థితి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ కొత్తవారు రావడం కాదు, ఉన్నవారు వెళ్లిపోవడమే మార్పు. ఈ మధ్య కోస్తాలో ఒక పల్లెలో గుడి ప్రతిష్ఠ ఆరాధనకు వెళ్లాను. డాలస్‌లో ఉన్న కొడుకులు తండ్రి జ్ఞాపకార్థం కట్టించారు. గ్రానైటు నేల, మూడు వందల మంది పట్టే హాలు, పాలరాతి మీద దాతల పేర్లు. భోజనాలయ్యాక అక్కడి పాస్టరు గారిని బుధవారం ప్రార్థనకు ఎంతమంది వస్తారని అడిగాను. ఏడుగురట. అందరిలోకీ చిన్న ఆమెకు అరవై ఒకటి.

ఆ కొడుకుల ప్రేమను నేను తక్కువ చేయను. తండ్రి ఏ గుడి మెట్ల మీద చనిపోయేదాకా కూర్చున్నాడో ఆ గుడిని బాగు చేయాలనుకోవడం బిడ్డల ధర్మం. కాని ఆ ఏడుగురికి అక్కర ఏమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. నెల మొదటి రోజున సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి ఇచ్చి వెళ్తాడు. ఆ నెలలో ఆ తలుపు మళ్లీ తట్టేది ఎవరు? షుగరు మందులు ఎవరు తెచ్చిపెడతారు? పట్నంలో కంటి ఆపరేషనుకు తోడు ఎవరు వెళ్తారు? రాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోను చేస్తారు? అమెరికాలో ఉన్న కొడుక్కు అప్పుడు పగలే, ఫోను ఎత్తుతాడు, ఏడుస్తాడు, ఏమీ చేయలేడు. అదే పల్లెలో కులమేదైనా మతమేదైనా ప్రతి ఇంట్లో ఇలాంటి ముసలివాళ్లే ఉన్నారు. గ్రానైటుకు పెట్టినదాంట్లో చిన్న భాగంతో నర్సింగు చదివిన ఒక అమ్మాయికి జీతమిచ్చి, ఊరంతా తిరిగి బీపీ, షుగరు చూసేలా ఏర్పాటు చేయవచ్చు. స్త్రీల సమాజం వారు వారానికి రెండిళ్లు పంచుకోవచ్చు. ఆ పాస్టరు గారికి ఈ మాట చెబితే ఆయన నవ్వి, “పాలరాతి మీద పేరు వేయడానికి అందులో చోటేది అయ్యగారూ” అన్నారు. నాకంటే అనుభవజ్ఞుడు.

ఇదంతా చదివి కొందరు అడుగుతారు: సేవ చేస్తే మతమార్పిడి అంటారు కదా, ఈ రోజుల్లో ఎందుకొచ్చిన తంటా? ప్రశ్న న్యాయమైనదే. ఒడిశాలో 1967 నుండే చట్టం ఉంది, ఇతర రాష్ట్రాల్లో కొత్త చట్టాలు వస్తున్నాయి. పొరుగువారి అనుమానం నిజం. దానికి మన వైపు నుండి జరిగిన పొరపాట్లు కూడా కొంత కారణం. ఈ విషయంలో ఒంగోలు చరిత్ర మనకు నేర్పేది చాలా ఉంది. 1876-78 కరవులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. కూలీలను కొట్టి తిట్టే మేస్త్రీలకు బదులు ఆయన బోధకులే పని చూశారు. అందరికీ గుర్తున్నది ఆ తర్వాతి అంకె: 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మము. మనం మరిచిపోయింది దానికి ముందున్న నెలలు. కరవు సాయం నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అడిగినవారిని కూడా ఆగమన్నారు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద గాని సువార్త మీద గాని పడకూడదని.

సాయంత్రం బడి పెట్టే ఏ సంఘమైనా ఆ నిగ్రహాన్ని నేర్చుకోవాలి. బడి అంటే బడే. లెక్కలు, ఇంగ్లీషు, హోంవర్కు. తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి. తలుపులు తెరిచి ఉంచండి. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, ఒక్కరు వద్దు. దగ్గరి ప్రభుత్వ బడి టీచరును, వార్డు కార్పొరేటరును పిలిచి చూపించండి. సువార్త లేకుండా ఇదేం పరిచర్య అని మనవారే కొందరు కోప్పడతారని తెలుసు. యెరికో దారిలో పడి ఉన్నవాడి గాయాలు కట్టిన సమరయుడు వాడి చేతిలో కరపత్రం పెట్టినట్టు లూకా రాయలేదు. మన విశ్వాసాన్ని చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది, దాన్ని వదులుకోమని నేను అనడం లేదు. అడిగినవారికి సంతోషంగా చెప్పండి. ఎనిమిదేళ్ల బిడ్డ ఎక్కాలు నేర్చుకోవడానికి వస్తే ఎక్కాలే నేర్పండి.

మన సంఖ్య గురించి కూడా ఈ మధ్య చాలా ఆందోళన వింటున్నాను. 2011 లెక్కల్లో దేశంలో క్రైస్తవులు 2.3 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.34 శాతం. 2027 జనగణనలో ఏమవుతుందోనని చర్చలు. ఆ అంకెకూ ఆదివారం మన బెంచీలకూ పొంతన ఎందుకుండదో మీకు నేను చెప్పనక్కర్లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుణ్ణి కాగితం మీద ఒకటి, గుడిలో ఇంకొకటిగా బతకమంది. ఆ అన్యాయంపై పోరాటం వేరే, అది సాగాలి. కాని వీధికి మనం ఎంతమందిమో అక్కర్లేదు. తాళం ఎప్పుడు తీస్తామో కావాలి.

కాంప్లెక్సు దగ్గరికి వస్తాను. కమిటీ వాదన తీసిపారేయదగింది కాదు. గుడి పైకప్పు కారుతోంది. పాస్టరు గారి జీతం, డయోసిస్‌కు కట్టాల్సిన వాటా పెరుగుతున్నాయి. ఉద్యోగ విరమణ చేసినవారి కానుకల మీద ఎంతకాలం నడుస్తుంది? అద్దెలు వస్తే సంఘం నిలబడుతుందన్నది వారి నమ్మకం. నేను చూసిన అనుభవం కొంత వేరు. అద్దెలు మొదలయ్యాక ఎన్నికలు వేడెక్కుతాయి, కమిటీలో చోటు కోసం కోర్టుకు వెళ్లేవారు పుడతారు, కానుక సంచిలో పడే డబ్బు తగ్గుతుంది, ఎందుకంటే గుడికి ఇక మన అవసరం లేదని సభ్యులకు తెలిసిపోతుంది. కోర్టు కేసుల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న ఆస్తులు మన డయోసిసుల్లో ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలుసు. అయినా స్థలమంతా కాంప్లెక్సే వద్దని నేను చెప్పలేను. ఆ కారే కప్పు కింద కూర్చునేది నేను కాదు.

రెండు వారాల క్రితం వేరే పని మీద వెళ్లి, సాయంత్రం అయిదున్నరకు ఆ గుడి దగ్గర ఆగాను. గోడ మీద బొగ్గుతో మూడు వికెట్లు గీసి ఉన్నాయి. పదిమంది పిల్లలు ఆడుతున్నారు. కార్యదర్శి గారు కూడా వచ్చారు. ఒక కుర్రవాడు బంతి చేతిలో పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చి, “అంకుల్, యే గ్రౌండ్ బంద్ హోతా క్యా?” అని అడిగాడు. టేపు పట్టుకుని కొలతలు వేసినవాళ్లను ఆ పిల్లలు చూశారు. కార్యదర్శి గారు రైల్వేలో ముప్పై అయిదేళ్లు పనిచేశారు, ఆయన హిందీ నా తెలుగంత బాగుంటుంది. ఆ కుర్రవాణ్ణి ఏ క్లాసు, ఏ ఊరు అని అడిగారు. సమస్తీపూర్ అన్నాడు. ఆయన ఆ స్టేషను పేరు వినగానే అటు వెళ్లే రైళ్లన్నీ వరుసగా చెప్పారు. పిల్లలందరూ చుట్టూ మూగారు. నేను అరగంట పక్కన నిలబడి చూశాను. ఆ కాంపౌండులో ఆ పిల్లలతో ఆయన మాట్లాడడం అదే మొదటిసారి అని తర్వాత ఆయనే చెప్పారు.

వెళ్లేముందు ప్లాను కాగితం విప్పి చూపించారు. కింది అంతస్తులో వెనక వైపు పన్నెండు బై ఇరవై గది ఒకటి ‘స్టోర్’ అని రాసి ఉంది. దాని మీద వేలు పెట్టి కాసేపు ఊరుకున్నారు. “ఇది అద్దెకివ్వకుండా ఉంచుదామంటే కమిటీలో ఎంతమంది ఒప్పుకుంటారంటారు అయ్యగారూ?” అన్నారు. ముందు ఆట స్థలం ఎంత మిగులుతుందో కూడా కొలవమన్నాను.

వచ్చే రెండో ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ మళ్లీ కూర్చుంటుంది. శంకుస్థాపన ఫోటో ఇంకా నాకు రాలేదు.